తాత చెప్పిన కంప్యూటరు పహణి

మన వైపు పెద్దవాళ్ళ ముందు 'రిజిస్ట్రీ' అంటే వాళ్ళకు తట్టేది ఒకటే, సబ్ రిజిస్ట్రారు కచ్చేరి. స్టాంపు కాగితాలు, సాక్షులు, బొటనవేలి ముద్ర, బయట చెట్టు కింద టైపు కొట్టే ఆయన. కంప్యూటరుకు కూడా ఒక రిజిస్ట్రీ ఉంటుందని, అందులో ఒక్క గీత పోతే అది మనకు తలుపు తీసినట్టే తీసి మళ్ళీ బయటికి పంపించేస్తుందని మా ఇంట్లో అందరికీ తెలిసింది 2009లో. ఆ సంగతి రాసిపెట్టమని మా పిన్ని కొడుకు చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు. "నా పేరు మాత్రం ఎయ్యద్దు అన్నా" అని ముందే చెప్పినాడు. అందుకే ఇందులో వాడు తమ్ముడు, అంతే.

ముందు ఆ కంప్యూటరులో ఏముందో చెప్పాలి. లేకపోతే మేము ఎందుకంత కంగారు పడినామో అర్థం కాదు.

మా జేజి పుట్టిల్లు బాగేపల్లి వైపు. మెట్టింది చింతామణికి. ఆమె చదివింది నాలుగో తరగతి దాకా, అదీ కన్నడ బడిలో. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం కన్నడ. అందుకని ఆమె పాటల పుస్తకం తెరిస్తే భాష తెలుగు, లిపి కన్నడ. మన తాలూకాల్లో ఇది వింత కాదు. మీ ఇళ్ళలో కూడా అట్లాంటి నోటుపుస్తకం ఒకటి ఏ ట్రంకు పెట్టెలోనో ఉండే ఉంటుంది. జేజికి కైవారం తాతయ్య తత్వాలు నోటికి వచ్చు. కైవారం మా చింతామణి తాలూకాదే. గాజులు అమ్ముకుంటూ తిరిగి, తరువాత యోగి అయిన నారాయణప్ప గారిని మనమందరం తాతయ్య అనే పిలుస్తాం. ఆయన తెలుగులోనూ కన్నడలోనూ చెప్పినాడు. ఆ తత్వాలే కాకుండా జేజికి నలుగు పాటలు, లాలిపాటలు, నాట్లప్పుడు పాడేవి, ఇంకా ఏ పుస్తకంలోనూ మాకు కనపడనివి కొన్ని వచ్చు.

2002లో మా చిన్నాయన ఒక టేప్ రికార్డరు పెట్టి ఆమెతో పాడించినాడు. ఆరు క్యాసెట్లు. జేజి 2007లో పోయింది. అదే ఏడాది మన తాలూకాలు కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయినాయి. ఆ మరుసటి ఏడు క్యాసెట్లు తీసి చూస్తే బూజు. టేప్ రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక వైరు వేసి, ఒక్కో పాట ఎక్కిస్తూ పోయినాం. ఎక్కించేటప్పుడే రెండు క్యాసెట్లు తెగినాయి. అంటే ఆ రెండింటిలోని పాటలు ఇక ప్రపంచంలో ఒక్క చోటే ఉన్నాయి, మా నడవలోని ఆ కంప్యూటరులో. మొత్తం 41 పాటలు. వాటి పక్కనే తాత చెప్పుతూ ఉంటే 'బరహ'లో తెలుగు టైపు చేసిన వంశవృక్షం, ఏడు తరాలది.

సాయంత్రం కరెంటు ఉన్న రోజుల్లో తాత వచ్చి కుర్చీ జరుపుకొని కూర్చుంటాడు. "ఒకటి పెట్టరా" అంటాడు. ఏది పెట్టాలో చెప్పడు. ఏది పెట్టినా వింటాడు, లేచి పోతాడు. అది ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని ఒక పద్ధతి అయిపోయింది.

తమ్ముడు అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చినాడు. కంప్యూటరు నెమ్మదిగా ఉందని, పెన్ డ్రైవ్ పెడితే వింత ఫైళ్ళు కనపడుతున్నాయని, వైరస్ ఉందేమోనని చూసినాడు. ఆ రోజుల్లో పెన్ డ్రైవ్‌ల మీద వచ్చే వైరస్‌లు ఎంతగా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. వాడు ఎక్కడో చదివింది ఏమంటే, దొంగ ప్రోగ్రాములు రిజిస్ట్రీలో 'యూజర్‌ఇనిట్' అనే గీత చివర తమ పేరు తగిలించుకుంటాయి, అది చూడాలి అని. చదివింది తప్పు కాదు. అప్పుడు ప్రపంచమంతా తిరుగుతుండిన జ్యూస్ అనే దొంగ ప్రోగ్రాము, బ్యాంకు పాస్‌వర్డులు కొట్టేసేది, సరిగ్గా అట్లే చేసేది. ఆ గీతలో కామా పెట్టి దాని పక్కన తన ఫైలు పేరు రాసుకునేది.

తమ్ముడు ఆ గీత తెరిచి చూస్తే చివర ఒక కామా ఉంది. కామా తరువాత ఏమీ లేదు. వాడికి అనుమానం వచ్చింది. ఏ వాక్యమూ కామాతో ముగియదు కదా, ఇదేదో వైరస్ మిగిల్చిన తోక అనుకున్నాడు. గీత మొత్తం తీసేసినాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టినాడు.

స్వాగతం తెర వచ్చింది. పేరు మీద నొక్కితే 'మీ సెట్టింగులు తెరుస్తున్నాం' అని వచ్చింది. గోడబొమ్మ ఒక్క క్షణం తళుక్కుమంది. వెంటనే 'మీ సెట్టింగులు దాస్తున్నాం' అని, మళ్ళీ స్వాగతం తెర. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లో పోయినా అంతే. అడ్మినిస్ట్రేటర్ పేరుతో పోయినా అంతే. 'చివరిసారి బాగా పనిచేసిన అమరిక' అని ఒక దారి ఉంటుంది, అదీ చూసినాం. అంతే.

"ఇంటికి పిలిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, మళ్ళీ గడప దాటిస్తాండాది" అంది మా అత్త, వెనక నిలబడి చూస్తూ. ఆమె చెప్పినంత సరిగ్గా తరువాత మేము చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తాత వచ్చి కుర్చీ జరుపుకున్నాడు. "చెడిపోయింది తాతా" అన్నాం. "బాగు చేయించండి" అని లేచి పోయినాడు. తమ్ముడు ఆ రాత్రి ముద్ద ముట్టలేదు.

మరుసటి రోజు సీపీయూ పెట్టెను ఆటోలో వేసుకొని, బస్సెక్కించి చిక్కబళ్ళాపురంలో ఒక షాపుకు తీసుకుపోయినాం. ఆయన ఒకసారి పెట్టి చూసి, "విండోస్ పోయింది. ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తాను, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. పాటలు 'మై డాక్యుమెంట్స్'లో ఉన్నాయని చెప్పినాం. అది సి డ్రైవ్‌లో ఉంటుంది, ఫార్మాట్ చేస్తే పోతుంది అన్నాడు. డేటా తీయడం వేరే పని, దానికి బెంగుళూరు పంపాలి, వస్తుందో రాదో చెప్పలేను అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రోజుకు పది పెట్టెలు వచ్చే చోట ఫార్మాట్ అనేది అందరికీ తెలిసిన మందు. కానీ మేము పెట్టెను మళ్ళీ ఆటోలో పెట్టుకొని వచ్చేసినాం.

ఇంటికి రాగానే తాతకు విషయం చెప్పాల్సి వచ్చింది. రిజిస్ట్రీలో ఒక గీత పోయింది, అందుకే లోపలికి రానియ్యడం లేదు, షాపాయన మొత్తం తుడిచి కొత్తగా వేస్తానంటున్నాడు అని చెప్పినాను. తాత కాసేపు ఆలోచించినాడు.

"అంటే, పహణిలో పేరు ఎగిరిపోయినట్టా?"

"అట్లాంటిదే తాతా."

"భూమి ఆడే ఉండాది గదా?"

"ఉంది."

"మరి పహణిలో గీత పోయిందని భూమి అమ్ముకోమంటాడేందిరా ఆయప్ప?"

ఆ మాటతో నాకు సగం దారి కనిపించింది. మిగతా సగానికి చింతామణి బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది.

తాతకు పహణి సంగతి ఊరికే తెలియదు. 1980ల్లో ఒకసారి పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి ఎత్తి రాసేటప్పుడు ఎవరి చేతిలోనో మా ముత్తాత పేరు జారిపోయింది. చేను అక్కడే ఉంది, చెనిక్కాయ పంట దాని మీదే ఉంది, గట్లు అవే. కానీ కాగితంలో పేరు లేదు కాబట్టి అప్పు పుట్టదు, అమ్మకం జరగదు. తాత ఆ ఒక్క పేరు కోసం ఎనిమిది నెలలు తిరిగినాడు. తరువాత కర్ణాటకలో 'భూమి' అనే పథకం కింద సుమారు రెండు కోట్ల పహణీలు కంప్యూటరుకెక్కినాయి. అప్పటి నుంచి తాతకు కంప్యూటరంటే ఒక పెద్ద పహణి పుస్తకం. నిజం చెప్పాలంటే విండోస్ రిజిస్ట్రీకి అంతకంటే మంచి పోలిక నాకు ఇప్పటికీ దొరకలేదు.

రిజిస్ట్రీ అంటే విండోస్ తన లెక్కలన్నీ రాసుకునే ఖాతా పుస్తకం. ఏ ప్రోగ్రాము ఎక్కడుంది, ఏ ఫైలును ఏది తెరవాలి, కంప్యూటరు లేవగానే వరసగా ఏమేమి చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం ఒకటే సంపుటం కాదు. సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డీఫాల్ట్ అని విడివిడి ఫైళ్ళుగా విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32 లోపల, కాన్ఫిగ్ అనే ఫోల్డరులో కూర్చుని ఉంటాయి. వాటిని ఇంగ్లీషులో హైవ్ అంటారు, అంటే తేనెపట్టు. మా తాలూకా వాళ్ళకు పట్టు అంటే వేరే గుర్తొస్తుంది కానీ, ఒక్కో గదిలో ఒక్కో వివరం పెట్టుకునే గూడు అనుకుంటే సరిపోతుంది.

మనం పాస్‌వర్డు కొట్టగానే విన్‌లాగాన్ అనేది మనల్ని గుర్తుపట్టి, ఆ పుస్తకంలో 'యూజర్‌ఇనిట్' గీత చూస్తుంది. అక్కడ ఏ ప్రోగ్రాము పేరు ఉంటే దాన్ని లేపుతుంది. మామూలుగా అక్కడ ఉండేది ఇది: సి:\విండోస్\సిస్టమ్32\యూజర్‌ఇనిట్.ఇఎక్స్ఇ, చివర కామాతో సహా. ఆ యూజర్‌ఇనిట్ మన అమరికలు సర్ది, నెట్‌వర్కు కలిపి, చివరికి ఎక్స్‌ప్లోరరును లేపుతుంది. ఎక్స్‌ప్లోరరు అంటే మనకు కనపడే డెస్క్‌టాప్, కింద పట్టీ, స్టార్ట్ బటను. దాన్ని లేపినాక యూజర్‌ఇనిట్ తన దారిన తాను పోతుంది. పెళ్ళిలో పందిరి వేయించి, అందరినీ కూర్చోబెట్టి, భోజనాల వేళకు కనపడకుండా పోయే మేనమామ లాంటిది. ఉన్నప్పుడు ఎవరూ గమనించరు, లేకపోతే పెళ్ళి జరగదు.

ఆ గీత లేకపోతే విన్‌లాగాన్‌కు ఎవరిని లేపాలో తెలియదు. మనిషి లోపలికి వచ్చినాడు, కానీ చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి పని ముగిసింది అనుకొని మర్యాదగా బయటికి పంపేస్తుంది. సేఫ్ మోడ్ అయినా ఇదే గీత చూస్తుంది, అడ్మినిస్ట్రేటర్ అయినా ఇదే గీత. అందుకే ఏ పేరుతో పోయినా ఒకే కథ. ఇక 'చివరిసారి బాగా పనిచేసిన అమరిక' ఎందుకు పనిచేయలేదంటే, అది వెనక్కి తెచ్చేది సిస్టమ్ అనే సంపుటంలోని ఒక భాగాన్నే. మన గీత ఉండేది సాఫ్ట్‌వేర్ అనే సంపుటంలో.

ఇంకొక సంగతి కూడా ఆ రోజు తెలిసింది. ఇది మా ఇంటి ఒక్కదాని కష్టం కాదు. 2004 ప్రాంతంలో బ్లేజ్‌ఫైండ్ అనే ప్రకటనల ప్రోగ్రాము ఒకటి ఎంతోమంది కంప్యూటర్లలో దూరింది. అది యూజర్‌ఇనిట్ గీతలో అసలు పేరు తీసేసి, డబ్ల్యూఎస్ఎఅప్‌డేటర్ అనే తన ఫైలు పేరు రాసుకునేది. చెత్త తుడిచే ప్రోగ్రాములు వచ్చి ఆ ఫైలును పట్టుకొని తీసేసేవి. కానీ పుస్తకంలో గీత ఆ దొంగ పేరు మీదే ఉండిపోయేది. దొంగ పోయినాడు, పహణి వాడి పేరు మీదే. ఎంతోమంది అట్లే గడప దగ్గర ఆగిపోయినారు. దానికి కనిపెట్టిన ఉపాయం తమాషాగా ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోలు తెరిచి, అసలు యూజర్‌ఇనిట్ ఫైలుకు ఒక నకలు తీసి, దానికి ఆ దొంగ పేరే పెట్టేది. పుస్తకం ఎవరిని పిలుస్తుందో ఆ పేరుతో మంచివాడు వచ్చి నిలబడతాడు, తలుపు తెరుచుకుంటుంది. లోపలికి పోయినాక తీరిగ్గా గీత సరిచేసుకోవచ్చు.

మాకు ఆ ఉపాయం చెల్లదు. మా గీతలో దొంగ పేరు కూడా లేదు, ఏ పేరూ లేదు. రికవరీ కన్సోలులో ఫైళ్ళు మార్చవచ్చు కానీ రిజిస్ట్రీలో గీత రాయడానికి కుదరదు. మిగిలింది ఒకటే. మా హార్డ్ డిస్కును తీసి, ఇంకొక కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించి, ఆ కంప్యూటరులో కూర్చొని మా పుస్తకం తెరిచి రాయడం. మా పొలం పహణిని ఇంకొక తాలూకా కచ్చేరిలో కూర్చొని దిద్దినట్టు.

అట్లాంటి రెండో కంప్యూటరు మా వాళ్ళలో బాగేపల్లిలో పెదనాయన ఇంట్లో ఉంది. డిస్కును ఊడదీసి, పాత పంచెగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, దాన్ని తమ్ముడి ఒళ్ళో పెట్టి చేలూరు మీద పొయ్యే బస్సు ఎక్కినాం. బస్సు గుంతలో పడినప్పుడల్లా వాడు డబ్బాను రెండు చేతులతో పైకెత్తేవాడు. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏముందప్పా దాంట్లో, కోడిగుడ్లా?" అని అడిగినాడు. "మా జేజి" అన్నాడు తమ్ముడు. ఆయన ఇంకేమీ అడగలేదు.

పెదనాయన ఇంట్లో చేసిన పనిని వరసగా రాస్తాను. ఎవరికైనా అవసరం పడుతుంది.

మొదట డిస్కు వెనకాల ఉండే చిన్న జంపరును 'స్లేవ్' స్థానంలో పెట్టి, వెడల్పాటి కేబులుతో తగిలించినాం. అప్పటి ఐడీఈ డిస్కుల పద్ధతి అది. పెదనాయన కంప్యూటరు తన విండోస్‌తోనే లేచింది, మా డిస్కు అందులో ఇ డ్రైవ్‌గా కనపడింది. తమ్ముడు వెంటనే రిజిస్ట్రీ తెరవబోయినాడు. పెదనాయన చెయ్యి పట్టుకొని ఆపినాడు. "ముందు బిడ్డను బయటికి తియ్యి, తరువాత ఇల్లు బాగు చేద్దువు" అన్నాడు.

ఆయన మాట ప్రకారం ముందు పాటల ఫోల్డరు తెరిస్తే 'అనుమతి లేదు' అన్నది. మా కంప్యూటరులో పాస్‌వర్డు పెట్టుకొని ఉండినాం, ఆ పేరు ఈ కంప్యూటరుకు తెలియదు. ఫోల్డరు ప్రాపర్టీసులో సెక్యూరిటీ, దాంట్లో అడ్వాన్స్‌డ్, దాంట్లో ఓనర్ అని ఉంటుంది. అక్కడ పెదనాయన ఖాతాను సొంతదారుగా రాసినాక తెరుచుకుంది. ఆ 41 పాటలు, వంశవృక్షం ఆయన డిస్కుకు నకలు తీసినాం. రెండు సీడీలు రాసినాం. మొత్తం మూడు గంటల పాట, అయినా 200 ఎంబీ లోపలే, ఒక సీడీలో మూడో వంతు కూడా నిండలేదు. పెదనాయన ఒక పాట పెట్టి విన్నాడు. జేజి ఆయనకు అమ్మ. ఆయన బయటికి పోయి చాలాసేపటికి వచ్చినాడు. మేమేమీ అడగలేదు.

తరువాత అసలు పని. రన్‌లో 'రెజ్ఎడిట్' అని కొట్టి రిజిస్ట్రీ తెరిచినాం. ఎడమ వైపు హెచ్‌కీ లోకల్ మెషీన్ మీద నొక్కి, ఫైల్ మెనూలో 'లోడ్ హైవ్' ఎంచుకున్నాం. ఇ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ లోపలికి పోయి, తోక లేని 'సాఫ్ట్‌వేర్' అనే ఫైలును చూపించినాం. దానికి ఒక పేరు పెట్టమంటుంది, 'జేజి' అని పెట్టినాం. ఇప్పుడు పెదనాయన పుస్తకం లోపల మా పుస్తకం తెరుచుకొని ఉంది. జేజి కింద మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వర్షన్, విన్‌లాగాన్ దాకా పోయినాం. కుడి వైపు షెల్ అనే గీత ఉంది, దాంట్లో ఎక్స్‌ప్లోరర్ పేరు పదిలంగా ఉంది. యూజర్‌ఇనిట్ గీత మాత్రం లేదు. లేని చోటు చూసి తమ్ముడు "ఈడే అన్నా" అన్నాడు, గాయం చూపించినట్టు.

కొత్త స్ట్రింగ్ విలువ ఒకటి చేసి, యూజర్‌ఇనిట్ అని పేరు పెట్టి, దారి రాసేటప్పుడు ఒక సందేహం వచ్చింది. ఇప్పుడు డిస్కు ఇ డ్రైవ్‌గా ఉంది. రాయాల్సింది ఇ అనా, సి అనా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారట. రాయాల్సింది సి. ఎందుకంటే ఆ పుస్తకం రేపు చదవబడేది సొంత ఇంట్లో, అక్కడ ఆ డిస్కు పేరు సి. చుట్టపు చూపుగా వచ్చిన ఊళ్ళో ఏ పేరుతో పిలిచినా, కాగితాల్లో ఉండాల్సింది సొంతూరి పేరే. చివర కామా కూడా మరిచిపోకుండా పెట్టినాం. ఆ కామా విండోస్ పెట్టుకున్నదే. ఒకటి కంటే ఎక్కువ ప్రోగ్రాములు లేపాల్సి వస్తే పక్కన రాసుకోవడానికి వదిలిన జాగా.

తరువాత జేజి పేరు మీద నొక్కి 'అన్‌లోడ్ హైవ్' చేసినాం. ఇది చెయ్యకుండా పోకూడదు. తెరిచిన పుస్తకం మూసి, ఎవరిది వాళ్ళకు అప్పజెప్పడం అది.

రాత్రి చివరి బస్సుకు చింతామణి చేరినాం. డిస్కు తగిలించి, జంపరు పాత చోటికి మార్చి, స్విచ్చి వేసినాం. స్వాగతం తెర. పేరు మీద నొక్కింది తమ్ముడే. గోడబొమ్మ వచ్చింది. మేము ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, 'దాస్తున్నాం' అనే మాట వస్తుందేమోనని. రాలేదు. కింద పట్టీ వచ్చింది. స్టార్ట్ బటను వచ్చింది. ఒక్కొక్కటిగా బొమ్మలన్నీ వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నాయి. వాడు కుర్చీలో వెనక్కి వాలి, "అన్నా, ఆకలేస్తాండాది" అన్నాడు.

ఇప్పుడు ఎక్స్‌పీ ఎవరూ వాడరు. 2014 ఏప్రిల్ 8న దాని మద్దతు ఆగిపోయింది. కానీ ఈ యూజర్‌ఇనిట్ గీత విండోస్ 10లోనూ 11లోనూ అదే చోట, అదే కామాతో ఉంది. ఈ రోజుల్లో డిస్కు ఊడదీయాల్సిన పని కూడా లేదు. ఇంకో కంప్యూటరులో విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్ డ్రైవ్ తయారు చేసుకొని, దానితో లేపి, భాష అడిగే తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది. అక్కడ 'రెజ్ఎడిట్' కొట్టి, పైన చెప్పినట్టే లోడ్ హైవ్ చెయ్యవచ్చు. అక్కడ కూడా డ్రైవ్ అక్షరాలు మారి కనపడవచ్చు, గీతలో రాసేది మాత్రం సి అనే. అంతకంటే ముందు సిస్టమ్ రిస్టోర్ బిందువు ఉందేమో చూడండి, ఉంటే గీత దానంతట అదే వెనక్కి వస్తుంది.

కొత్త ల్యాప్‌టాపుల్లో ఒక జాగ్రత్త. చాలావాటిలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, మామూలుగా మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. అది లేకుండా ఏ పెదనాయన ఇంటికి తీసుకుపోయినా డిస్కు తెరుచుకోదు. ఆ కీ ఈ వారమే ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. ఇక రిజిస్ట్రీలో దేన్నైనా ముట్టాల్సి వస్తే, ముందు ఆ భాగం మీద నొక్కి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. అనుమానం వచ్చిన గీతను తీసేయడం కంటే, ఆ గీత అసలు ఎట్లా ఉండాలో ఇంకొక మంచి కంప్యూటరులో చూడటం సులభం.

తాత 2013లో పోయినాడు. ఆయన విన్న పాటలు ఇప్పుడు చింతామణిలో, బాగేపల్లిలో, బెంగుళూరులో తమ్ముడి దగ్గర ఉన్నాయి. వాడు ఇప్పుడు ఒక బ్యాంకులో కంప్యూటర్లు చూసుకునే పనిలో ఉన్నాడు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఏం చెప్తావురా అని అడిగితే, "బిడ్డను ముందు బయటికి తియ్యమంటా" అన్నాడు.

41 పాటల్లో 29 పాటల మాటలు కన్నడ లిపి పుస్తకం చూసి తెలుగులోకి ఎత్తి రాయడం అయింది. మిగతా 12 పుస్తకంలో లేవు, విని రాయాలి. కొన్ని మాటలు మాకు అర్థం కావడం లేదు, ముఖ్యంగా నాట్ల పాటల్లో. గుమ్మనాయకనపాళ్యం, చేలూరు వైపు పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్న ఇళ్ళవాళ్ళు ఒకసారి వినిపెట్టగలిగితే మేలు. ఈసారి ఉగాదికి వచ్చేవాళ్ళు పెన్ డ్రైవ్ తెచ్చుకోండి, పాటలు ఎక్కించి ఇస్తాం. మీ ఇళ్ళలో ఇంకా క్యాసెట్లు ఉంటే అవీ తీసుకురండి. టేప్ రికార్డరు మా దగ్గర పని చేస్తూనే ఉంది, ఆ వైరు కూడా ఉంది.